మూతపడ్డ పల్లె టేషన్ చరిత్ర రాయాలంటే

పల్లెటూరి రైల్వే స్టేషను ఒక్క రోజులో మూతపడదు. మొదట సరుకు బుకింగ్ ఆగుతుంది. తర్వాత క్రాసింగ్ కోసం వేసిన లూప్ లైన్ పీకేస్తారు. స్టేషన్ మాస్టర్‌ను తీసేసి, కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటును పెట్టి హాల్ట్‌గా మారుస్తారు. ఆ పైన ప్యాసింజర్ ఆగడం మానేస్తుంది, టైంటేబుల్‌లో పేరు పోతుంది. చివరికి గోడలు కూలుస్తారు, లేదా వాటంతటవే కూలుతాయి. ఈ వరుస అన్నిచోట్లా ఇలాగే ఉండదు గానీ దశలు మాత్రం ఇవే. ఊళ్లో "టేషన్ ఎప్పుడు బందయింది?" అని అడిగితే హమాలీ ఒక ఏడు చెబుతాడు, గంప నెత్తిన పెట్టుకొని పట్నం పోయిన అవ్వ ఇంకో ఏడు చెబుతుంది. ఇద్దరూ నిజమే చెబుతారు. అందుకే నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ ఆరు దశలకు ఆరు గడులు గీసి, ఒక్కోదానికి తేదీ, ఆధారం విడివిడిగా నింపుకుంటూ పోవాలి. స్థానిక చరిత్రల్లో పుట్టే తగాదాలు చాలావరకు ఈ ఆరింటినీ ఒకే తేదీగా రాయడం వల్లే పుడతాయి.

లైన్ ఏది, అప్పటి జిల్లా ఏది

దక్షిణ తెలంగాణలో పట్టాలన్నీ ఒకే కాలంలో పడలేదు. వికారాబాద్, తాండూరు మీదుగా వాడి జంక్షన్‌కు పోయే బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల లైన్) 1874 నాటిది. భువనగిరి, ఆలేరు మీదుగా కాజీపేట వైపు పోయేది 1880ల నాటిది. ఆ లైన్ 1889 కల్లా బెజవాడ చేరింది. మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల దాకా మీటర్‌గేజ్ (ఇరుకు పట్టాల లైన్) 1916లో తెరిచారు. కాచిగూడ స్టేషను భవనమూ ఆ ఏటిదే. బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా నడికుడి పోయే లైన్ స్వాతంత్ర్యం తర్వాతది. ఆ దారిలోని స్టేషనును ఎవరైనా "నిజాం కట్టించింది" అంటే రాసుకోండి, కానీ అచ్చు వేయకండి.

లైన్ తెలిస్తే ఏ పేరుతో కాగితాలు వెతకాలో తెలుస్తుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీని 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అప్పటినుంచి అది నిజాం స్టేట్ రైల్వే. 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1938 నాటి సంగతి కోసం దక్షిణ మధ్య రైల్వే పేరుతో వెతికితే చేతికి ఏమీ దొరకదు.

జిల్లా విషయంలో చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956 దాకా రాయచూర్ జిల్లావి. కొడంగల్, తాండూరు గుల్బర్గా జిల్లావి. కాబట్టి ఇటిక్యాల, మానోపాడ్ వైపు స్టేషనుకు 1951 జనాభా లెక్క కావాలంటే మహబూబ్‌నగర్ హ్యాండ్‌బుక్ తిరగేసి లాభం లేదు, రాయచూర్‌ది తీయాలి. గద్వాల, వనపర్తి సంస్థానాల గ్రామాల భూమి లెక్కలు కూడా ఖాల్సా గ్రామాల, అంటే నేరుగా నిజాం ప్రభుత్వం కింద ఉన్న గ్రామాల, లెక్కలతో కలిసి ఉండవు. ఇక 2016 అక్టోబరు తర్వాత జిల్లాలు మళ్లీ మారాయి. నారాయణపేట 2019లో విడిపోయింది. ప్రతి గ్రామానికీ 1951, 1961, 2011, ఇప్పటి జిల్లా–తాలూకా–మండలం ఒక వరుసలో రాసి పెట్టుకుంటే తర్వాత పని సాఫీగా సాగుతుంది.

స్టేషను పేరు, ఊరి పేరు ఒకటే అనుకోవద్దు. శంషాబాద్ స్టేషను పేరు ఉందానగర్. షాద్‌నగర్ ఉన్న మండలం ఫరూఖ్‌నగర్. వనపర్తి రోడ్ స్టేషను ఉన్నది మదనాపురంలో. జడ్చర్ల స్టేషను చుట్టూ పెరిగిన వ్యాపారం బాదేపల్లి పేరున నడిచింది. రాయగిరి స్టేషను ఇప్పుడు యాదాద్రి. పేరు చివర "రోడ్" ఉంటే అసలు ఊరు దూరంగా ఉన్నట్టు. అప్పుడు స్టేషను దగ్గరి బస్తీ చరిత్ర మూడో పేరు మీద దొరుకుతుంది. ఆ మూడో పేరు పట్టుకోనంత కాలం రెవెన్యూ ఆఫీసులో మీకు ఏ రికార్డూ తీయలేరు.

కాగితాలు

నిజాం కాలపు పత్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాతవి ఫార్సీలో, తర్వాతివి ఉర్దూలో ఉంటాయి. చేతిరాత ఎక్కువగా షికస్తా, అంటే అక్షరాలు గొలుసుగా కలిసిపోయే రాత. మామూలుగా ఉర్దూ చదవగలిగినవారికి కూడా అది కొరుకుడు పడదు. షికస్తా చదివే పెద్దమనిషిని ముందే వెతుక్కొని, ఆయనతో కలిసే వెళ్లండి. అచ్చయిన వార్షిక పరిపాలనా నివేదికలు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి. రైల్వే అధ్యాయం వేరుగా ఉంటుంది కనుక అవి చూడటం సులువు.

ఫసలీ, అంటే నిజాం ప్రభుత్వం రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం, దగ్గర ఒక్క ఏడాది తప్పు చాలా తేలిగ్గా దొర్లుతుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే తేదీకి 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా పడే తేదీకి 591 కలపాలి. ఆజుర్ 1325 అంటే 1915 అక్టోబరు. అదే 1325లో ఖుర్దాద్ అంటే 1916. నెల లేకుండా ఏడాది మాత్రమే ఉంటే "1915–16" అని రాయండి, ఊహించి ఒకటి ఎంచుకోకండి. డబ్బుకూ ఇదే జాగ్రత్త కావాలి. కౌలు, కూలీ, టికెట్ ధరలు నిజాం రాజ్యపు హాలీ సిక్కాలోనా, బ్రిటిష్ రూపాయలోనా చూడాలి. సుమారుగా 7 హాలీ రూపాయలకు 6 బ్రిటిష్ రూపాయలు.

తహసీల్ ఆఫీసులో అడగాల్సినవి సేత్వార్ (సర్వే నాటి మూల భూమి రిజిస్టరు), గ్రామ నక్షా (గ్రామ పటం), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), 1954–55 ఖాస్రా పహాణీ (పొలం ఎవరి అనుభవంలో ఉందో చెప్పే రిజిస్టరు), 1955–58 చేసాలా పహాణీ (అలాంటిదే, మూడేళ్లది). "రైల్వే భూమి వివరాలు" అని అడిగితే పని జరగదు. సర్వే నంబర్లు రాసుకొని వెళ్లాలి. నక్షాలో పట్టాల పట్టీ రెండు గీతలుగా పొలాల్ని కోస్తూ పోతుంది. స్టేషను దగ్గర ఆ పట్టీ ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఆ వెడల్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అదే స్టేషను యార్డు. గోడలు పూర్తిగా పోయిన చోట కూడా ఈ ఆకారం నక్షాలో నిలిచే ఉంటుంది. దాని అంచున ఉన్న సర్వే నంబర్లను ఖాస్రా పహాణీలో చూస్తే 1954లో ఆ పొలాలు ఎవరి అనుభవంలో ఉన్నాయో, అందులో బావి ఉందో లేదో తెలుస్తుంది.

జనగణన జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో గ్రామ డైరెక్టరీ ఉంటుంది. అయితే టేషన్ బస్తీ చాలాచోట్ల రెవెన్యూ గ్రామం కాదు, పెద్ద ఊరికి చెందిన శివారు. దాని జనాభా పెద్ద ఊరి అంకెలోనే కలిసిపోతుంది. ఊరి జనాభా పెరిగిందని బస్తీ పెరిగిందని రాయడం తప్పు. బస్తీ కోసం పాత ఓటర్ల జాబితాలో ఇంటి నంబర్ల వరుస చూడండి.

అన్నిటికంటే మంచి ఆధారం చాలామందికి తట్టనిది, అది బడి అడ్మిషన్ రిజిస్టర్. బస్తీ పక్కన ప్రాథమిక పాఠశాల ఉంటే హెడ్మాస్టరు అనుమతితో పాతవి చూడండి. తండ్రి వృత్తి గడిలో గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్, గేట్‌మన్, హమాలీ, హోటల్, బండి కిరాయి అని వరుసగా కనబడతాయి. పదేళ్లకోసారి ఒక ఏడాది పేజీలు ఎంచుకొని వృత్తుల లెక్క మాత్రం తీసుకోండి, పేర్లు వద్దు. 1960ల పేజీల్లో రైల్వే పిల్లలు నిండుగా ఉండి, ఒక ఏడు నుంచి సగానికి పడిపోతే, క్వార్టర్లు ఖాళీ అయిన కాలం అదే. టీసీ, అంటే బడి మారే సర్టిఫికెట్, తీసుకున్న తేదీలు కూడా చూడండి. ఏప్రిల్, మే కాకుండా ఏడాది మధ్యలో ఒకేసారి నాలుగైదు టీసీలు పోయాయంటే బదిలీల ఉత్తర్వు వచ్చినట్టే అనుకోవచ్చు. దాన్ని వేరే ఆధారంతో సరిచూడాలి.

పటాల్లో సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు షీట్లు, తర్వాతి 1:50,000 షీట్లు రెండూ కావాలి. గేజ్‌ను బట్టి పట్టాల గుర్తు మారుతుంది, కింద సూచిక చూసి తేల్చుకోండి. 1950ల అమెరికా సైన్యం 1:2,50,000 పటాలు, యూ502 శ్రేణివి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. పాత టైంటేబుళ్లలో దూరాలు మైళ్లలో ఉంటాయి, 1.609తో గుణించండి. ఇప్పటి కిలోమీటరు రాయితో రెండు కిలోమీటర్లకు మించి తేడా వస్తే కారణం రెండింట్లో ఒకటి. లెక్క మొదలయ్యే చోటు వేరు, లేదా గేజ్ మార్పిడిలో కట్టనే పక్కకు జరిపారు. సికింద్రాబాద్–ద్రోణాచలం మీటర్‌గేజ్ 1990లలో బ్రాడ్‌గేజ్ అయినప్పుడు కొన్ని వంకరలు సరిచేశారు. పాత కట్ట ఇప్పటికీ పొలాల మధ్య గట్టులా, కింద రాతి మోరితో సహా కనబడుతుంది.

రైల్వే నుంచి నేరుగా కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. కాచిగూడ–కర్నూలు మార్గం హైదరాబాద్ డివిజన్‌ది, నల్లగొండ–మిర్యాలగూడ మార్గం చాలాకాలం గుంటూరు డివిజన్‌ది, భువనగిరి, తాండూరు వైపువి సికింద్రాబాద్‌వి. డివిజన్ల హద్దులు మారుతుంటాయి కనుక పంపేముందు ఒకసారి సరిచూసుకోండి. "ఎందుకు మూశారు?" అని అడగకండి. అభిప్రాయం చెప్పే బాధ్యత వాళ్లకు లేదు. "ఫలానా స్టేషను మూసివేత నోటిఫికేషన్ నకలు, హాల్ట్‌గా మార్చిన ఉత్తర్వు నకలు, భూమి ప్లాన్ నకలు" అని కాగితం పేరు పెట్టి అడగండి. రోజువారీ రిజిస్టర్లు కొన్నేళ్లకే నాశనం చేస్తారు కనుక వాటి మీద దరఖాస్తు వృథా. భూమి ప్లాన్లు మాత్రం శాశ్వతంగా దాచేవి.

నేల మీద

ముందుగా చట్టం. రైళ్లు నడుస్తున్న లైన్ అయితే అనుమతి లేకుండా పట్టాల మీదికి పోవడం రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. విద్యుదీకరణ తర్వాత పైన తీగల్లో 25,000 వోల్టులు పారుతున్నాయి కాబట్టి పొడుగు కర్ర, ఇనుప టేపు, సెల్ఫీ స్టిక్ పైకెత్తకూడదు. గుడ్డ టేపు 30 మీటర్లది, చిన్న ఇనుప స్కేలు, సుద్దముక్క, వైరు బ్రష్, టార్చి, ఇవి చాలు.

మొదట వెతకాల్సింది గోడను కాదు, కంచెను. స్టేషను చుట్టూ, గేటు దగ్గర పాతిన ఇనుప స్తంభాలు ఎక్కువగా పాత పట్టాల ముక్కలే. పట్టా నడుము మీద, అంటే తలకూ అడుగుకూ మధ్యనున్న సన్నని భాగం మీద, దాన్ని రోలర్ల మధ్య సాగదీసి తయారుచేసినప్పుడే ఉబ్బెత్తు అక్షరాలు వస్తాయి. తయారీదారు పేరు, గజానికి ఎన్ని పౌండ్ల బరువు, సంవత్సరం అక్కడ ఉంటాయి. తుప్పు ఉంటే వైరు బ్రష్‌తో మెల్లగా రుద్ది, సుద్దముక్కను అడ్డంగా పెట్టి పామితే ఉబ్బిన అక్షరాలకే తెల్లదనం అంటుకుంటుంది. సుద్ద లేకపోతే సాయంత్రం వేళ టార్చిని పక్కనుంచి, గోడకు ఆనించినట్టుగా వేయండి. ఎదురుగా వేస్తే అక్షరం మాయమైపోతుంది. రాత అరిగిపోతే పట్టా ఎత్తు కొలవండి. 50 పౌండ్లది సుమారు 105 మిల్లీమీటర్లు, 60 పౌండ్లది 114, 75ది 129, 90ది 143. అరుగుదలకు కొన్ని మిల్లీమీటర్లు వదిలేయండి. మొదటి రెండూ మీటర్‌గేజ్‌లో ఎక్కువగా వాడినవి.

పట్టా మీద సంవత్సరం స్టేషను కట్టిన సంవత్సరం కాదు. ప్రధాన లైన్‌లో అరిగిన పట్టాను తీసి సైడింగులో, అంటే పక్క లైన్‌లో, వేస్తారు, అక్కడా అరిగితే కంచెకు పాతుతారు. అది చెప్పేది ఒక్కటే, ఈ కంచె ఆ ఏటికంటే ముందుది కాదు. స్లీపర్లు కూడా ఇంతే. ఊళ్లో దర్వాజ పైన అడ్డంగా వేసిన చెక్క స్లీపరు దొరికితే పొడవు చూడండి. కోయకపోతే మీటర్‌గేజ్‌ది ఆరు అడుగులు, బ్రాడ్‌గేజ్‌ది తొమ్మిది అడుగులు.

భవనం దగ్గర పునాది వరస కొలత, గోడ మందం, తలుపు వెడల్పు, టికెట్ కిటికీ ఎత్తు తీసుకోండి. డంగు సున్నం మీద సిమెంటు పూత ఎక్కడ మొదలవుతుందో గుర్తిస్తే ఏది పాతది, ఏది మరమ్మతు అన్నది విడిపోతుంది. కప్పు జాక్ ఆర్చ్‌దైతే, అంటే పట్టాల మధ్య ఇటుక కమాన్లు కట్టిందైతే, ఆ పట్టాల మీద కూడా రాత వెతకండి. పసుపు రంగు బోర్డు ఇంకా ఉంటే సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, ఫొటో తీసుకోండి. ప్రతి ఫొటోలో ఒక స్కేలు ఉండాలి, తీసిన దిక్కు నోట్‌లో ఉండాలి. నీళ్ల ట్యాంకు దిమ్మె, ఇంజనుకు నీళ్లు పట్టిన కాలమ్ అడుగు, బావి, గ్యాంగ్ క్వార్టర్ల పునాదులు, గూడ్స్ షెడ్డు వేదిక, ఇవన్నీ పటం మీద పెట్టండి. ఫోన్ జీపీఎస్‌లో అయిదు మీటర్ల దాకా తేడా రావడం మామూలు కాబట్టి దగ్గరదగ్గర వస్తువుల మధ్య దూరం టేపుతోనే కొలవాలి.

ఎవరింట్లోనైనా పాత అట్ట టికెట్ ఉంటే అది బంగారం. ధర అణాల్లో ఉంటే దశాంశ నాణేలు రాకముందుది, అంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. "థర్డ్ క్లాస్" అని ఉంటే ఆ తరగతి ఎత్తేసిన 1974కు ముందుది. 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

మనుషులు

రైల్వేలో చేసి రిటైరైనవాళ్లను మాత్రమే అడిగితే సగం చరిత్రే వస్తుంది. వాళ్లకు లైన్ తెలుసు. బస్తీ తెలిసినవాళ్లు వేరే ఉంటారు. పల్లికాయ, ఆముదాల బస్తాలు మోసిన హమాలీలు, ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొచ్చినవాళ్లు, సీతాఫలాల గంపలు ప్యాసింజర్‌లో ఎక్కించిన ఆడవాళ్లు, చాయ్ హోటల్ నడిపిన కుటుంబం, కూలీలను కూడగట్టి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, భీవండి పోయిన పాలమూరు కూలీలు. ముఖ్యంగా ఆడవాళ్లను విడిగా కలవండి. మగవాళ్లు పక్కనుంటే వాళ్లే జవాబు చెప్పేస్తారు.

"ఏ సంవత్సరం?" అని అడగవద్దు. "అవ్వా, గంప యాడ దించుతుంటివి? ఆ చెట్టు ఇంకా ఉన్నదా?" అంటే జవాబు కచ్చితంగా వస్తుంది. ఆ చెట్టు దాకా కలిసి నడవండి. కాలం కోసం పెద్ద గుర్తులు వాడండి. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్, 1969 ఉద్యమం, 1972 కరువు, 1974 మే రైల్వే సమ్మె, 1984లో ఇందిరమ్మ చనిపోవడం, ఆలంపూర్ వైపైతే 2009 అక్టోబరు వరద. "సమ్మె నాటికి టేషన్ మాస్టర్ ఉండెనా?" అన్న ప్రశ్నకు ఉద్యోగి కుటుంబంలో ఎవరూ తడబడరు.

చెప్పింది గౌరవంగా వినాలి, రాసేముందు సరిచూడాలి. ఈ ప్రాంతంలో తప్పక వినబడేది 1956 సెప్టెంబరు 2 ప్రమాదం. జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా పోయారు. "దానికే శాస్త్రిగారు రాజీనామా చేసి పోయారు" అంటారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చిన మాట నిజమే, నెహ్రూ ఒప్పుకోలేదు. ఆమోదం పొందింది ఆ ఏడు నవంబరులో తమిళనాడు అరియలూరు ప్రమాదం తర్వాత ఇచ్చినది. ఇలాంటిచోట పెద్దమనిషి మాటను ఉన్నదున్నట్టు ఇచ్చి, కిందనే రికార్డు సంగతి రాయండి. ఆయన మాటను దిద్ది రాస్తే జనం ఆ ఘటనను ఎలా గుర్తుపెట్టుకున్నారన్నది పోతుంది.

రికార్డింగ్ ఫోన్‌తో సరిపోతుంది, కానీ ఫ్యాను ఆపి, ఫోన్‌ను గుడ్డ మీద పెట్టి, మూరెడు దూరంలో ఉంచండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, వృత్తి, వరుస సంఖ్య ఉండాలి. అదే రోజు రాత్రి రెండు చోట్ల కాపీ చేయండి.

బస్తీని పటం మీదికి తెచ్చేటప్పుడు

మూడు కాలాలకు మూడు చేతిపటాలు గీయండి. స్టేషను నిండుగా నడిచినప్పటిది, హాల్ట్ అయ్యాకది, ఇప్పటిది. ఒక్కోదాన్ని వేర్వేరు మనుషులతో వేయించి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టి చూపండి. మొదటి పటం చూసినవాళ్లు రెండోది కూడా అలాగే గీస్తారు. దుకాణాలు ఏ వైపు జరిగాయో చూడండి. పట్టాల వైపున్న ముఖాలు మూసుకొని బస్సు రోడ్డు వైపు తలుపులు తెరుచుకుంటే, టేషన్ మూయకముందే వ్యాపారం రోడ్డుకు పోయిందని అర్థం. "రైలు పోయి ఊరు పడిపోయింది" అని చెప్పుకునే చాలాచోట్ల క్రమం ఇలా తలకిందులుగా తేలుతుంది. పాత ఇళ్ల ప్రధాన దర్వాజ ఎటుందో, తర్వాత పెట్టినది ఎటుందో చూసి ఈ సంగతి తేల్చవచ్చు.

రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ లోపల ఒక గుర్తు పెట్టుకోండి. కాగితం ఉన్నది, ఇద్దరు విడివిడిగా చెప్పినది, ఒక్కరే చెప్పినది. మూడోదాన్ని వదిలేయనక్కర్లేదు, "ఒకరి మాట ప్రకారం" అని రాస్తే చాలు. ఒక ప్రతి గ్రామ పంచాయతీకి, ఒకటి బడికి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వండి. అట్ట లోపల సవరణలకు నాలుగు ఖాళీ పేజీలు కుట్టించండి.

ఒక్క సంగతి మాత్రం అచ్చులోకి పోకూడదు. క్వార్టర్లు ఖాళీ అయ్యాక ఆ జాగాల్లో గుడిసెలు వేసుకొని రెండు మూడు తరాలుగా ఉంటున్న కుటుంబాలు చాలా బస్తీల్లో ఉన్నాయి. రైల్వే భూమి ప్లాన్‌ను ఇప్పటి ఇళ్ల పటం మీద పరిచి ఇంటి నంబర్లతో సహా వేస్తే, అది రేపు ఖాళీ చేయించే నోటీసుకు జతచేసే కాగితం అవుతుంది. ఇప్పటి పటంలో ఇళ్లను గుంపులుగా మాత్రమే చూపండి, భూమి హద్దు గీతను పాత పటం దగ్గరే ఆపేయండి.